ఫ్రౌ అంటే ఆడదా, ఇల్లాలా, అమ్మగారా?

జర్మన్ భాషలో ‘ఫ్రౌ’ అని ఒక మాట ఉంది. ఆ భాష ముక్క రానివాళ్ళకి కూడా ఏ యుద్ధం సినిమాలోనో, ఏ అనువాద నవలలోనో తగిలి ఉంటుంది కాబట్టి మరీ కొత్తదేం కాదు. ఆడమనిషి అని చెప్పాలన్నా ఫ్రౌ, నా భార్య అని చెప్పాలన్నా ఫ్రౌ, ఇంటిపేరు ముందు మర్యాదగా తగిలించాలన్నా ఫ్రౌ. ఒక్క మాటే మూడు పనులు చేస్తుంది, మన ఇళ్ళలో ఆడవాళ్ళలాగే! వెయ్యేళ్ళు పైబడిన ఆ మాట నడిచొచ్చిన దారి చూస్తే మాత్రం, ఇది వాళ్ళ గోలే కాదు, మన గోల కూడాననిపిస్తుంది.

నాకు దీని మీద ఆసక్తి పుట్టించింది మా అక్క కూతురు. నర్సింగు చదివింది. జర్మనీలో ఉద్యోగానికని ఏడాదిగా హైదరాబాదులో ఆ భాష నేర్చుకుంటోంది. మన రెండు రాష్ట్రాల నుంచీ ఇప్పుడు చాలామంది ఆడపిల్లలు ఆ దారి పట్టారు. సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు ఒకరోజు పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చి, “పిన్నీ, ఈ భాషలో ఆడపిల్ల ఆడది కాదట, చూడు!” అంది. వ్యాకరణం అంటే నాకు హైస్కూల్లోనే భయం. కానీ కథలు రాసుకునేదానికి మాటల మీద మమకారం పోదు కదా. దాని పుస్తకాలూ, దాని నిఘంటువూ నేనే ఎక్కువ తిరగేశాను.

విషయం ఏమిటంటే, జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. పుంలింగానికి ముందు ‘డెర్’, స్త్రీలింగానికి ‘డీ’, నపుంసకలింగానికి ‘డాస్’ అని ఒక చిన్న మాట వస్తుంది. మనుషులకే అనుకునేరు, వంటింటి సామానుకి కూడా. చెంచా మగ, ఫోర్కు ఆడ, చాకు నపుంసకం! ఎందుకని అడిగితే జవాబు లేదు, బట్టీ పట్టాల్సిందే. సంస్కృతంలో ‘దార’ అంటే భార్య, ఆ మాటేమో పుంలింగం. ‘కళత్రం’ అంటే కూడా భార్యే, అది నపుంసకం. అదీ ఇంతే.

ఫ్రౌ మాత్రం బుద్ధిగా స్త్రీలింగం, ‘డీ ఫ్రౌ’. చిక్కల్లా ఆడపిల్ల దగ్గరే. ఆడపిల్లని ‘మేడ్షెన్’ అంటారు, అది నపుంసకం. పెళ్ళికాని అమ్మాయిని పిలవడానికి ‘ఫ్రాయ్‌లైన్’ అనేవారు, అదీ నపుంసకమే. అమెరికన్ హాస్య రచయిత మార్క్ ట్వేన్ 1880లో జర్మన్ భాష మీద ఒక పెద్ద వ్యాసం రాసి, దుంపకి ఉన్న ఆడతనం కూడా అమ్మాయికి లేకపోయిందే అని వేళాకోళం చేశాడు. నూట నలభై ఏళ్ళు దాటినా జర్మన్ నేర్చుకునే ప్రతివాళ్ళూ ఆ మాట తలుచుకుని నవ్వుకుంటారు.

నవ్వుకోవచ్చు గానీ, అందులో అవమానం ఏమీ లేదంటాను నేను. ‘షెన్’, ‘లైన్’ అనేవి చిన్నతనాన్ని, ముద్దుని చెప్పే తోకలు. ఆ తోక తగిలితే ఏ మాటైనా నపుంసకం అయిపోవాల్సిందే. మగవాడు అనే మాటకి తగిలించినా వాడి గతీ అంతే. అంచేత వ్యాకరణాన్ని తిట్టి లాభం లేదు. నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. మగపిల్లవాడిని పిలిచే మామూలు మాటకి ఈ తోక లేదు. వాడు ‘యుంగె’, శుద్ధ పుంలింగం. ఆడపిల్ల మాటకే ఆ ముద్దు తోక శాశ్వతంగా అతుక్కుపోయింది. అసలు మాట ‘మాగ్ట్’. పూర్వం దానికి కన్య అని అర్థం. రానురాను పనిపిల్ల, దాసీ అనే అర్థంలోకి జారిపోయింది. అలా జారిన మాటకి తోక తగిలించి, మధ్యలో ఒక అక్షరం నోటిలో అరిగిపోయి, మేడ్షెన్ అయింది.

మన తెలుగు తక్కువ తిన్నదేం కాదండీ. “అబ్బాయి వచ్చాడు” అంటాం. అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది... ముగ్గురికీ ఒకటే క్రియ! 19వ శతాబ్దంలో చిన్నయసూరి బాలవ్యాకరణంలో మగవాళ్ళని మహత్తులన్నాడు, ఆడవాళ్ళని పశుపక్ష్యాదులతోనూ, జడపదార్థాలతోనూ కలిపి అమహత్తుల్లో వేశాడు. ఆయన్నీ ఏమీ అనలేం, భాష ఉన్నట్టు చెప్పాడు. విచిత్రం ఏమిటంటే ఇద్దరు ఆడవాళ్ళు కలిసి వచ్చారనుకోండి, వెంటనే ‘వచ్చారు’ అయిపోతారు. ఒక్కతే వస్తే ఆవుతో సమానం, పక్కన ఇంకొకతె ఉంటే మగవాళ్ళతో సమానం! మహిళా సంఘాల గోడల మీద రాసుకోవాల్సిన సూత్రం.

పై పేరాల్లో మా అక్క కూతుర్ని నేను ‘దాని పుస్తకాలు’ అనే రాశాను, గమనించారా? ప్రేమకి అలా వస్తుంది. అదే మాట బయటివాడెవడైనా అంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. జర్మనీ పడమటి వైపు రైన్ నది ప్రాంతపు యాసల్లో అచ్చం ఇదే ఉంది. ఇంటి ఆడపిల్లల్నీ, దగ్గరి స్నేహితురాళ్ళనీ పేరుకి ముందు నపుంసక సూచిక పెట్టి పిలుస్తారు. దూరపు వాళ్ళకీ, హోదా ఉన్న ఆడవాళ్ళకీ మాత్రం స్త్రీలింగం వాడతారు. ‘అది’కీ ‘ఆవిడ’కీ మధ్య మన ఇళ్ళలో ఉన్న తేడాయే.

ఇక ఫ్రౌ పుట్టుక. వెయ్యేళ్ళ కిందటి జర్మన్‌లో ‘ఫ్రో’ అంటే ప్రభువు, దొర. దానికి ఆడ రూపం ‘ఫ్రౌవా’. అంటే దొరసాని. ఉత్తర యూరప్ వాళ్ళు కొలిచిన ఫ్రేయా దేవత పేరుకీ అదే మూలం, అదే అర్థం. ఇంకా లోతుకి వెళితే ‘ముందు’ అని చెప్పే ధాతువు తేలుతుందనీ, మన సంస్కృతంలోని ‘ప్ర’ దానికి దూరపు చుట్టమనీ భాషావేత్తలంటారు. ముందు నిలబడేది, పెత్తనం గలది అన్నమాట. మొగుడూ లేడు, వంటిల్లూ లేదు ఆ అర్థంలో. తమాషాగా జంటలో మగ మాట ఫ్రో చచ్చిపోయింది. క్రీస్తు దేహం పేరున చేసే ఒక పండగ పేరులోనూ, దొరకి చేసే వెట్టిచాకిరీ అనే మాటలోనూ ఆనవాలుగా మిగిలింది. ఫ్రౌ మాత్రం బతికింది. బతికింది గానీ, దొరసానిగా కాదు.

ఆ రోజుల్లో కోటల్లో ఉండే గొప్పింటి ఆడవాళ్ళే ఫ్రౌలు. మామూలు ఆడమనిషి ‘వైబ్’. ఇంగ్లీషు ‘వైఫ్’కి ఇది తోబుట్టువు. దీనికీ జర్మన్‌లో నపుంసక లింగమే, పైగా తోక సాకు కూడా లేదు! అయినా అప్పుడది తక్కువ మాట కాదు. 1200 ప్రాంతంలో పాటలు కట్టిన వాల్టర్ ఫోన్ డెర్ ఫోగెల్‌వైడె అనే పెద్ద కవి, హోదాని చెప్పే ఫ్రౌ కంటే ఆడతనాన్ని చెప్పే వైబ్ అన్న పేరుకే పెద్దపీట వేశాడు. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ బైబిలుని జర్మన్‌లోకి తెచ్చినప్పుడు కూడా స్త్రీ అన్నా భార్య అన్నా వైబ్ అనే రాశాడు. ఆ తరవాత ఫ్రౌ మెల్లగా మెట్లు దిగొచ్చి అందరి ఆడవాళ్ళ మాట అయింది. వైబ్‌ని ఇంకో మెట్టు కిందికి తోసేసింది. ఇవాళ ఒకామెని వైబ్ అంటే “ఆడదానా” అని ఈసడించినట్టే. మరి పైన ఖాళీ అయిన దొరసాని కుర్చీలో ఎవరిని కూచోబెట్టాలి? ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి ‘డామె’ అనే మాట తెచ్చుకున్నారు. మీటింగుల్లో “మహిళలారా, మహాశయులారా” అనేటప్పుడు ఈ డామెనే వాడతారు.

మగవాళ్ళ సంగతి చూడండి. ‘హెర్’ అంటే మొదట్లో నెరిసిన జుట్టు గల పెద్దమనిషి, తరవాత ప్రభువు. ఇవాళ్టికీ పేరుకి ముందు హెర్, సభలో హెర్, దేవుడూ హెరే. ఒక్క మెట్టు కూడా దిగలేదు అనను, అందరికీ వర్తించేంత మామూలుదైంది. కానీ ప్రభువు అర్థం పోగొట్టుకోలేదు. ‘హెర్‌లిష్’ అంటే అద్భుతం అని. డామెలాగా వినబడే ‘డేమ్‌లిష్’ అంటేనేమో తెలివితక్కువ! ఈ రెండిటికీ ముడిపెట్టి ఆడవాళ్ళ మీద జోకులేస్తారట. నిజానికి రెండో మాటకి డామెతో ఏ చుట్టరికమూ లేదు, అది వేరే క్రియ నుంచి పుట్టింది. జోకు వేసేవాళ్ళకి నిఘంటువు చూసే ఓపిక ఎక్కడిది?

మగ మాటలు ఏవీ పడిపోలేదనడం న్యాయం కాదు. ‘క్నెష్ట్’ అంటే కుర్రవాడు, పాలేరు స్థాయికి దిగాడు. అదే మాట ఇంగ్లీషులో ‘నైట్’ అయి గుర్రమెక్కి వీరుడైంది. మగవాడి మాట పడితే పాలేరు దాకా పడుతుంది. ఆడదాని మాట ఎంతదాకా పడుతుందో ‘డిర్నె’ని అడగాలి. అది కూడా ఒకప్పుడు అమ్మాయి అనే మాటే. ఇప్పుడు పుస్తకాల జర్మన్‌లో వేశ్య. బవేరియా వైపు మాత్రం ఆ మాటకి ముద్దు రూపం ‘డిర్న్‌డల్’ మానంగానే మిగిలింది. అమ్మాయికీ, అక్కడి ఆడవాళ్ళు పండగలకి వేసుకునే నిండు గౌనుకీ అదే పేరు.

ఇది చదువుతున్నప్పుడు నాకు మన ‘సాని’ గుర్తొచ్చింది. స్వామిని నుంచి వచ్చిన మాట. అంటే యజమానురాలు, గొప్పింటి ఆడపడుచు. దొరసానిలోనూ, పురుడు పోసే మంత్రసానిలోనూ ఆ గౌరవం ఇంకా ఉంది. ఆ తోడు లేకుండా ఒక్కతే నిలబడిన ‘సాని’కి ఏ అర్థం అంటగట్టామో నేను రాయక్కర్లేదు. స్వామికి మాత్రం గుళ్ళో దీపం వెలుగుతూనే ఉంది.

ఫ్రౌ వ్యాకరణంలో ఒక ముచ్చట చెప్పి ముందుకెళతాను. ఏకవచనంలో ఏ విభక్తిలోనైనా ఈ మాట మారదు. ముందున్న చిన్న మాటే మారుతుంది. ‘డీ ఫ్రౌ’ అంటే ఆమె కర్త, ‘డెర్ ఫ్రౌ’ అంటే ఆమెకి, లేదా ఆమె యొక్క. ఈ ‘డెర్’ని చూసి కొత్తవాళ్ళు పుంలింగం అనుకుని కంగారుపడతారు. మా పిల్లా పడింది. బహువచనం ‘ఫ్రౌఎన్’. మరి డ్రెస్డెన్‌లో, మ్యూనిక్‌లో ‘ఫ్రౌఎన్‌కిర్షె’ అని పేరున్న చర్చిలు ఉన్నాయి కదా, ఆడవాళ్ళ చర్చిలా? కాదు. పాత జర్మన్‌లో ఏకవచనానికి కూడా షష్ఠిలో ఆ ‘ఎన్’ ఉండేది. ఆ చర్చి ఒకే ఒక్క ఫ్రౌది, మేరీ మాతది. డ్రెస్డెన్ చర్చి 1945 బాంబుదాడిలో కూలిపోయి, మళ్ళీ కట్టుకుని 2005లో తలుపులు తెరిచింది. దొరసాని అనే పాత అర్థం దేవుడి తల్లి దగ్గర భద్రంగా ఉందన్నమాట. భూమ్మీద ఆడవాళ్ళ దగ్గరే పోయింది.

వాళ్ళు “మైనె ఫ్రౌ” అంటారు. నా ఆడమనిషి, అంటే నా భార్య అని. భార్య “మైన్ మాన్” అంటుంది, నా మగవాడు, అంటే మొగుడు. మనకీ అంతే కదా, మగ నుంచే మగడు, ఆలు అన్నా స్త్రీ, భార్య అని రెండర్థాలూ ఉన్నాయి. ‘హౌస్‌ఫ్రౌ’ అని ఇంకో మాట ఉంది. హౌస్ అంటే ఇల్లు, ఫ్రౌ అంటే ఆలు. అక్షరాలా ఇల్లాలు! ఏ సంబంధమూ లేని రెండు భాషలు ఒకే రెండు ముక్కల్ని అదే వరసలో అతికాయంటే, రెండు చోట్లా ఇంటిపని ఎవరి నెత్తిన పడిందో వేరే చెప్పాలా?

నేనూ ఇల్లాలినే, ఆ మాటంటే చులకన లేదు. కానీ మాట చట్టంలోకి ఎక్కితే ఏమవుతుందో చూడండి. 1900లో అమల్లోకి వచ్చిన జర్మన్ పౌరస్మృతి ప్రకారం సంసారంలో అన్ని విషయాల్లోనూ నిర్ణయం భర్తదే. 1949 రాజ్యాంగంలో స్త్రీపురుషులు సమానమని రాసుకున్నారు. ఎలిజబెత్ జెల్బర్ట్ అనే న్యాయవాది పట్టుబట్టి ఆ వాక్యం పెట్టించింది. అయినా పౌరస్మృతిని దానికి తగ్గట్టు మార్చిన చట్టం అమల్లోకి రావడానికి 1958 దాకా పట్టింది. ఆ కొత్త చట్టంలోనూ ఇల్లు నడిపేది ఫ్రౌ అనే రాశారు. సంసార బాధ్యతలకి అడ్డు రానంతవరకే ఆమె బయట ఉద్యోగం చేయొచ్చు. 1977 జూలైలో గానీ ఆ వాక్యం పోలేదు. అప్పటి నుంచి ఇంటిపని ఎవరెలా చేసుకోవాలో మొగుడూ పెళ్ళాలే మాట్లాడుకుని తేల్చుకోవాలి. అంత ముందుకెళ్ళిన దేశం అని మనం అనుకునే చోట, 1977!

ఇప్పుడు అసలు నేను చెప్పదలుచుకున్న ఫ్రాయ్‌లైన్ దగ్గరికి వద్దాం. ఫ్రౌకి చిన్నతనపు తోక తగిలిస్తే ఫ్రాయ్‌లైన్. చిట్టి దొరసాని. మొదట్లో ఇది కూడా గొప్పింటి కన్యలకే. గోథె 1808లో అచ్చు వేయించిన ‘ఫౌస్ట్’ నాటకంలో, వీధిలో ఫౌస్ట్ ఆ పిల్లని ఫ్రాయ్‌లైన్ అని పలకరిస్తే, తాను అలాంటి దాన్ని కాదని తిప్పికొడుతుంది. ఆమెకి పెళ్ళయిందని కాదు, అంత గొప్పింటి పిల్ల కాదని. 19వ శతాబ్దంలో ఈ మాట కూడా మెట్లు దిగి పెళ్ళికాని ప్రతి ఆడమనిషికీ అంటుకుంది. పదహారేళ్ళయినా, అరవై ఏళ్ళయినా పెళ్ళి కాకపోతే ఫ్రాయ్‌లైనే. చిట్టి, నపుంసకం!

అరవై ఏళ్ళ ఫ్రాయ్‌లైన్లు ఎక్కడి నుంచి వచ్చారనుకున్నారు? చాలామంది బడిపంతులమ్మలు. జర్మనీలో 1880 నుంచి ఒక నియమం ఉండేది. పంతులమ్మ పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం వదిలేయాలి. మగ పంతులుకి ఆ షరతు లేదు. పాఠం చెప్పాలనుకుంటే ఒంటరిగా ఉండు, సంసారం కావాలంటే బడి మానెయ్యి. మధ్యలో ఎత్తేశారు, మళ్ళీ తెచ్చారు, కొన్ని రాష్ట్రాల్లో 1950ల దాకా సాగింది. పిల్లలు ఆవిడని పేరు పెట్టి కాదు, “ఫ్రాయ్‌లైన్” అనే పిలిచేవారు. అంటే ఉద్యోగం కోసం ఆమె వదులుకున్నదాన్ని రోజూ నలభైమంది పిల్లల చేత గుర్తుచేయించడం. దీని మీద ఎవరైనా ఒక మంచి కథ రాయాలి. నాకు ఆ ఊళ్ళు తెలియవు గానీ, తెలిస్తే నేనే రాసేదాన్ని.

రెండు ప్రపంచ యుద్ధాల్లో లక్షల మంది మగవాళ్ళు పోయారు. పెళ్ళాడడానికి మనుషులే లేరు. ఆ తరం ఆడవాళ్ళు ఫ్యాక్టరీలు నడిపారు, కూలిన ఊళ్ళలో ఇటుకలు ఏరారు, అయినా కాగితం మీద ఫ్రాయ్‌లైన్లే. 1950లలో ప్రభుత్వం కొంచెం మెత్తబడి, పెళ్ళికాని ఆవిడ కోరుకుంటే ఫ్రౌ అనొచ్చు అంది. కోరుకోవాలట! గుమాస్తా ముందు నిలబడి, “అయ్యా, నాకు పెళ్ళి కాలేదు, అయినా దయచేసి నన్ను ఫ్రౌ అనండి” అని అడగాలి. అడగడమే శిక్ష కదా. మహిళా ఉద్యమం గట్టిగా నిలదీశాక 1972లో పశ్చిమ జర్మనీ హోంశాఖ సర్క్యులర్ ఇచ్చింది. సర్కారీ కాగితాల్లో వయసొచ్చిన ప్రతి స్త్రీ ఫ్రౌనే, పెళ్ళితో పనిలేదు. అంతే. కొత్త మాట ఏదీ కనిపెట్టలేదు. ఇంగ్లీషువాళ్ళు మిస్‌కీ, మిసెస్‌కీ మధ్య ‘మిజ్’ అని ఒక కొత్త మాటకి ప్రాణం పోయాల్సొచ్చింది. జర్మన్లు ఇంట్లో ఉన్న పాత మాటకే మొగుణ్ణి విడదీసి, మొదట ఎలా ఉందో అలా నిలబెట్టారు. ఫ్రాన్సులో ఇలాంటి ఉత్తర్వు 2012 దాకా రాలేదు.

అందరూ సంతోషించారని కాదు. ఒంటరిగా చదువుకుని, సంపాదించుకుని, ఎవరి దయా లేకుండా బతికిన పెద్దావిడలు కొందరు, “నేను ఫ్రాయ్‌లైన్‌నే, అలాగే పిలవండి” అని పట్టుబట్టారు. నాకు వాళ్ళంటే గౌరవమే. తను ఎంచుకున్న పేరు వేరు, ఇంకొకరు అతికించిన చీటీ వేరు.

మరి మన చీటీల మాటేమిటి? మొన్న మొన్నటిదాకా ఉత్తరాల మీద మగవాళ్ళకి మ.రా.రా.శ్రీ అని రాసేవాళ్ళం. మహారాజరాజశ్రీ! బ్రహ్మచారి అయినా, భార్య పోయినవాడైనా, ఇద్దరు పెళ్ళాల వాడైనా మహారాజే. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి పెళ్ళిపిల్ల చి.ల.సౌ., పెళ్ళయ్యాక శ్రీమతి, సౌభాగ్యవతి. భర్త పోతే గం.భా.స., గంగాభాగీరథీ సమానురాలు. పవిత్రమైన నదుల పేరే, కాదనను. కానీ కవరు మీద ఆ మూడక్షరాలు చూడగానే పోస్ట్‌మ్యాన్ దగ్గర్నుంచి వీధి వీధంతా ఆమె మొహాన బొట్టు లేదని తెలుసుకునేది. మా అమ్మమ్మ పొలం కాగితాల్లో ఆ మాట నేను చూశాను. తాతయ్య పేరు ముందు, అమ్మమ్మ తమ్ముడి పేరు ముందు, వాళ్ళ బతుకులో ఏం జరిగిందో చెప్పే అక్షరం ఒక్కటి లేదు.

ఉత్తరాలు పోయాయి, గం.భా.స. పోయింది. శ్రీమతి, కుమారి మాత్రం దరఖాస్తుల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. శ్రీ/శ్రీమతి/కుమారి అని మూడుంటాయి, ఒకటి ఉంచి మిగతావి కొట్టేయాలి. మగవాడు ఆలోచించకుండా కొట్టేస్తాడు. నలభై దాటి పెళ్ళి చేసుకోని నా స్నేహితురాలు ప్రతిసారీ పెన్ను ఆపుతుంది. కుమారి అని రాస్తే కౌంటర్లో కుర్రాడు తలెత్తి చూస్తాడు. విడాకులు తీసుకున్న ఆవిడ ఏది ఉంచాలి? అడిగితే, “ఏదో ఒకటి టిక్కు పెట్టండమ్మా” అంటారు. ఏదో ఒకటి అయినప్పుడు అడగడం ఎందుకు బాబూ?

నా కథలు మొదట్లో అచ్చయినప్పుడు ఒక పత్రిక వాళ్ళు నా పేరు ముందు అడగకుండానే శ్రీమతి తగిలించేవారు. పక్క పేజీలో మగ రచయిత పేరు ముందు ఏమీ ఉండేది కాదు. అతను రచయిత, నేను ఎవరి తాలూకో రచయిత్రి!

అయితే ఒక్క సంగతి. శ్రీమతి అన్న మాటలో నిజానికి మొగుడు లేడు. శ్రీ గలది శ్రీమతి, శ్రీ గలవాడు శ్రీమాన్. సిరి, శోభ ఉన్న మనిషి అని, అంతే. ఫ్రౌలో మొగుడు లేనట్టే. మనమే తీసుకొచ్చి కూర్చోబెట్టాం. కాబట్టి కొత్త మాటలు వెతుక్కోనక్కర్లేదు. ఇరవై ఏళ్ళ పిల్లయినా, ఎనభై ఏళ్ళ అవ్వయినా, పెళ్ళయినా కాకున్నా శ్రీమతి అని రాసి కుమారి గడి తీసేస్తే సరిపోతుంది. ఇంకా మాట్లాడితే మన ‘గారు’కి సాటి వచ్చేది ఆ భాషలో నాకు కనబడలేదు. హెర్, ఫ్రౌ అన్నప్పుడు కనీసం మగా ఆడా అన్నది తేలిపోతుంది. ‘గారు’ అది కూడా అడగదు. పెద్దరికం ఇస్తుంది, ఆరా తీయదు. ఇంత మంచి మాట నాలుక మీద పెట్టుకుని కాగితం మీద కుమారా, శ్రీమతా అని నిలదీయడం మన విడ్డూరం.

“ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా?” అనేవాళ్ళు అక్కడా ఉన్నారు. బ్యాంకు ఫారాల్లో ఖాతాదారు అనే మాట పుంలింగంలోనే ఉంది, మాకోసం స్త్రీ రూపం కూడా పెట్టండి అని ఎనభై ఏళ్ళ జర్మన్ అవ్వ ఒకావిడ సుప్రీం స్థాయి కోర్టు దాకా వెళ్ళింది. 2018 మార్చిలో ఓడిపోయింది. పుంలింగంలో రాసినా అందరికీ వర్తిస్తుంది పొమ్మన్నారు. మరి 2005లో ఏంజెలా మెర్కెల్ ప్రభుత్వాధినేత అయినప్పుడు, ఛాన్సలర్ అనే మాటకి స్త్రీ రూపాన్నే ఆ ఏటి మేటి మాటగా అక్కడి భాషా సంఘం ఎంచుకుంది. పదవి పెద్దదైతే మాటకి స్త్రీలింగం గబగబా దొరుకుతుంది, ఖాతాదారు అవ్వకి మాత్రం దొరకదు.

నర్సుల మాట కూడా మారింది. ఇదివరకు నర్సుని ‘రోగుల అక్కచెల్లెలు’ అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు, మనం సిస్టర్ అన్నట్టే. 2020 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో ఆ ఉద్యోగం పేరు ‘ఫ్లేగెఫాఖ్‌ఫ్రౌ’. సంరక్షణలో నిపుణురాలైన ఫ్రౌ అని. మగవాడైతే చివర ఫ్రౌ బదులు మాన్. మా అక్క కూతురు పరీక్షలు గట్టెక్కి అక్కడికి చేరితే దాని ఉద్యోగం పేరు చివర ఫ్రౌ ఉంటుంది, దాని ఇంటిపేరు ముందు ఫ్రౌ ఉంటుంది. దాని సంబంధం కుదిరిందా లేదా అని మా అక్క రోజూ అడుగుతుంది గానీ, ఆ ఆసుపత్రి వాళ్ళ పిలుపు అడగదు.

ఈ పేజీ చూసే సంపాదకులకి ఒక మనవి. ఈ వ్యాసం కింద నా పేరు ముందు ఏమీ వేయనక్కర్లేదు. వేసి తీరాలంటే శ్రీమతి అనే వేయండి, అభ్యంతరం లేదు. కాకపోతే పక్క కాలమ్‌లో రాసే పెళ్ళికాని అమ్మాయి పేరు ముందు కూడా అదే వేయండి.